బడి ఎల్స్‌పెట్, పీత ఎల్స్‌పెట్

1869 ఫిబ్రవరి 2, మంగళవారం

నార్వే నుంచి ఉత్తరం వచ్చింది, ఎల్స్‌పెట్ ఫ్లెట్ పేరు మీద. ఈ రేవులో ఎల్స్‌పెట్ ఫ్లెట్‌లు నలుగురం ఉన్నాం. అయినా పోస్టతను నేరుగా నా దగ్గరికే తెచ్చాడు. ఇంగ్లీషు చదవడం వచ్చిన ఎల్స్‌పెట్‌ని నేనొక్కదాన్నే మరి. ఎవరికి ఉత్తరం వచ్చినా చదివిపెట్టేది నేనే. కాబట్టి విప్పి చదవడంలో నా తప్పేమీ లేదు.

రాసినవాడి పేరు హాల్వర్ తొలెఫ్‌సెన్. పదిహేను నెలల కిందట మన రాళ్ళకు కొట్టుకుని పగిలిన కలప మోసే ఓడలో పనిచేసినవాడు. ఒడ్డుకు చేరిన ఐదుగురిలో ఆఖరివాడు. ఊపిరి ఆడడం లేదని బండిలో వేసి పట్నం డాక్టరు దగ్గరికి పంపేశాం. పోయే ఉంటాడనుకున్నాం. పోలేదు. ఆర్నెల్లు మంచాన ఉండి లేచాడట, పెళ్ళి కూడా చేసుకున్నాడట. ఉత్తరం వాళ్ళ పాదిరి గారి చేత ఇంగ్లీషులో రాయించాడు. మార్చి నెలాఖరుకు మన పట్నానికి వచ్చే ఓడలో పనికి కుదురుకున్నాడట. "నన్ను బతికించిన చేతులు ఒకసారి పట్టుకోవాలి" అని రాశాడు.

ఇంకా ఇలా ఉంది: "నా కళ్ళ నిండా ఉప్పు. మీ ముఖం చూడలేదు. మీ గొంతు మాత్రం విన్నాను. నీళ్ళలో నన్ను లాగుతూ మీరన్న మాటలకు అర్థం తెలియదు గాని ఒక్క అక్షరం మరిచిపోలేదు. మీ నోట మళ్ళీ వినాలని ఉంది."

ఉత్తరాన్ని కుట్టుపెట్టె అడుగున పెట్టాను.

ఫిబ్రవరి 3

పెదనాన్న కూతురు పీత అక్కకు చెప్పాలి. రేపు చెబుతాను.

ఫిబ్రవరి 4

వెళ్ళాను. అక్క పొయ్యి దగ్గర కూర్చుని విల్లీ బావ గాలాలకు ఎర గుచ్చుతోంది. పక్కన ఒలిచిన ఆల్చిప్పల గుట్ట ఉంది. మధ్యమధ్య ఆగి, శాలువా కొస నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది.

"ఏమే బడీ, ఇవాళ దొరసానులెవరూ రాలేదా గుర్తుగా నీ జుట్టు కత్తిరించుకుపోడానికి?" అంది.

"ఉన్నదంతా పట్టుకుపోయారక్కా."

"ఇంకా నయం. నా జుట్టయితే ఆ చేపకంపుకి వాళ్ళే ఇల్లొదిలి పోయేవాళ్ళు."

నవ్వింది, మళ్ళీ దగ్గింది. నేనూ నవ్వాను. "నిజంగా నీకు కోపం లేదా అక్కా?" అని అడిగాను. ఈ మాట అంతకుముందు ఎన్నిసార్లు అడిగానో!

"మళ్ళీ మొదలెట్టావూ? దొరలిచ్చిన ఆ వెండి పతకాన్ని వేయించుకు తింటామా, పులుసు పెట్టుకుంటామా? ఎల్స్‌పెట్ ఫ్లెట్ అనే కదా దానిమీద రాసుంది, నీ ఇంట్లో ఉంటేనేం, నా ఇంట్లో ఉంటేనేం. పైగా రోజూ దొరలొచ్చి నా ఎదుట కూచుంటే ఈ గాలాలెప్పుడు గుచ్చను? నువ్వు కూచో తల్లీ. కూచోడం నీకు బాగా వచ్చు."

ఆ ఆఖరి మాట నవ్వుతూనే అంది. ఉత్తరం సంగతి చెప్పడానికి సందు దొరకలేదు. దగ్గు మనిషిని ఎక్కువసేపు మాట్లాడించకూడదు కూడా.

ఫిబ్రవరి 7, ఆదివారం

ఇవాళ పాదిరి గారి భార్య బాంఫ్ నుంచి ఎవరో ఇద్దరు చుట్టపు దొరసానుల్ని వెంటబెట్టుకొచ్చింది. నేను పాఠాలు చెప్పే ఆదివారపు బడిలో, పిల్లల ముందు ఆ ఓడ కథ మళ్ళీ చెప్పించింది. ఇది ఎన్నోసారో నాకే లెక్క లేదు. నాలుక దానంతటదే తిరిగిపోతోంది. అలలు మోకాళ్ళు దాటాయి, నడుము దాటాయి, దేవుణ్ణి తలుచుకుని ముందుకు అడుగేశాను... పెద్దావిడ రుమాలు తీసి కళ్ళు ఒత్తుకుంది.

ఇది నేనొక్కదాన్నే చదివే పుస్తకం. ఇందులోనన్నా ఉన్నది ఉన్నట్టు రాస్తే ఏం పోయింది?

ఆ రోజు మగవాళ్ళంతా చేపల వేటలో ఉన్నారు. గాలి తిరగడంతో పక్క రేవులో తలదాచుకున్నారు. ఊళ్ళో ఉన్నది ఆడవాళ్ళమూ, నడవలేని ముసలివాళ్ళూ. పీత అక్క నడుముకు తాడు కట్టుకుని నీళ్ళలో దిగింది. తాడు రెండో కొస పట్టుకుని ఒడ్డున నిలబడినవాళ్ళం తొమ్మిది మందిమి, వాళ్ళలో నేనొకదాన్ని. ఐదుసార్లు దిగింది, ఐదుగుర్ని తెచ్చింది. నాకు నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి.

మోకాళ్ళ దాకా కాదు. చీలమండల దాకా.

మూడోరోజు పేపరాయన వచ్చాడు. అక్క చేపల తట్ట వీపుకెత్తుకుని పల్లెలవైపు అమ్మకానికి పోయింది. ఆయన రేవులో నిలబడి "ఎల్స్‌పెట్ ఫ్లెట్ ఇల్లెక్కడ?" అని అడిగాడు. నాన్నా పెదనాన్నా ఇద్దరూ కన్నతల్లి పేరే కూతుళ్ళకు పెట్టుకున్నారు, మా ఇళ్ళలో ఆనవాయితీ అది. ఊరంతా రెండు మూడు ఇంటిపేర్లే. పెదనాన్న ఒక పక్కకు ఒరిగి నడిచేవాడని వాళ్ళు పీతలు, నాన్న నాలుగు అక్షరాలు నేర్చాడని మేం బడివాళ్ళం. ఆ పేర్లు మాలో మాకే. పరాయివాడి ముందు ఎత్తితే పరువుతక్కువ. దొరలతో మాట్లాడేది ఎటూ నేనే కదా అని ఎవరో నా గుమ్మం చూపించారు.

"మీరేనా ఎల్స్‌పెట్ ఫ్లెట్?" అన్నాడాయన. అవునన్నాను. అది అబద్ధమా? తాడు కట్టాం, దిగాం, లాగాం అని అందర్నీ కలిపే చెప్పాను. ఆయన నన్నొక్కదాన్నే రాసుకుపోయాడు. అచ్చులో చూసి, దిద్దమని ఉత్తరం రాద్దామనుకున్నాను. మర్నాడు ఇంకో పేపరాయన వచ్చాడు. ఆ తర్వాత బొమ్మ గీసేవాడు వచ్చాడు. ఆ తర్వాత పతకం వచ్చింది.

నాకు ముప్పై నాలుగేళ్ళు. అంతకుముందు నా గుమ్మం ముందు ఎవరూ టోపీ తీసి నిలబడలేదు.

ఫిబ్రవరి 9

నార్వేకి జవాబు రాశాను. మార్చిలో ఇక్కడి సముద్రం మంచిది కాదు, ఆరోగ్యం కుదుటపడిన మనిషి తొందరపడకూడదు, జూన్‌లో వస్తే ఎండ ఉంటుంది, దారులూ బాగుంటాయి అన్నాను. ఇందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు.

ఎల్స్‌పెట్ ఫ్లెట్ అని సంతకం పెట్టాను. అదీ అబద్ధం కాదు.

ఫిబ్రవరి 20

అక్క మంచం దిగడం లేదు. గాలాలకు ఎర నేనే గుచ్చిపెట్టాను. నేను వంద గుచ్చేసరికి అదే అయితే నాలుగొందలు గుచ్చేది. బావ పక్కనే కూర్చుని ఒక్కొక్కటీ పట్టి చూసి, తీసి మళ్ళీ గుచ్చాడు.

ఈ దగ్గు ఆ రోజు నీళ్ళలో నానిన దగ్గే అంటుంది మంత్రసాని. కాదు. ఆమెకు అంతకుముందే ఉండేది. చిన్నప్పుడు కూడా చలికాలంలో దగ్గేది, నాకు బాగా గుర్తుంది.

నేను లేవబోతుంటే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఒసేయ్ బడీ, నీకు అన్ని ఊళ్ళనుంచీ ఉత్తరాలొస్తాయి కదా. ఆ ఆఖరివాడి సంగతేమన్నా తెలిసిందా?"

"ఏ ఆఖరివాడు?"

"అదేనే, బండిలో ఏసి పంపాం చూడు, పసుప్పచ్చ జుట్టోడు. మిగతా నలుగురూ మన కళ్ళముందే లేచి సూపు తాగి పోయారు. ఆడే... బతికాడో చచ్చాడో. పడుకుంటే ఆడి బరువే గుర్తొస్తోంది నాకు. ఆడికోసం దిగినప్పుడే నాకు ఒంట్లో సత్తువ అయిపోయింది. తీరా ఆడు చచ్చిపోయుంటే ఎందుకు దిగినట్టే?"

"తెలియదక్కా" అన్నాను.

"పతకం ఇచ్చిన దొరల్ని అడిగి ఒక ముక్క రాయించకూడదూ?"

"రాస్తాను" అన్నాను.

ఫిబ్రవరి 21

ఎందుకు చెప్పలేదు? చెబితే ఉత్తరం చదవమంటుంది. చదివితే గొంతు సంగతి తెలుస్తుంది. వాణ్ణి తొందరగా రమ్మనమంటుంది. వాడు వస్తాడు, వింటాడు, పాదిరి గారి భార్య వింటుంది, బడిపిల్లలు వింటారు. ఊళ్ళోవాళ్ళకు తెలిసిందే కదా అంటే, ఊరు వేరు. ఊళ్ళో ఇది నవ్వులాట. బయట ఇది దొంగతనం.

ఒక్క వారం ఆగి చెబుతాను. కాస్త తేరుకోనీ.

మార్చి 6

తేరుకోలేదు.

మార్చి 15

ఇవాళ నేను చేసిన పని రాయడానికి చెయ్యి రావడం లేదు. అయినా రాస్తాను.

అక్కకు గంజి తాగిస్తూ, ఏదో మాటల్లో వచ్చినట్టుగా అడిగాను. "అక్కా, ఆ ఆఖరివాణ్ణి లాగేటప్పుడు ఏదో కేకలు పెట్టావుగా, ఏమన్నావేంటి? గాలికి మాకు ఒడ్డుకు వినపడలేదు."

"ఏమన్నానో ఎవడికి గుర్తు? తిట్టే ఉంటాను. నేను మంచి మాట అన్నదెప్పుడు?"

"ఏమని తిట్టావు?"

"ఇప్పుడెందుకే నీకు?" అని నా ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నేను గంజి గిన్నె సర్దుకున్నాను. "దొరసానులకు చెప్పే కథలో కలుపుకుంటావా? తిట్లు బాగోవే, తీసెయ్" అని పక్కకు తిరిగి పడుకుంది.

ఆ మాటలు నేర్చుకుని వాడి ముందు అనాలనే అడిగాను. చావబోయే మనిషి నోట్లోంచి మాటలు కూడా ఎత్తుకుపోదామనుకున్నాను.

మార్చి 28

ఓడ ఇవాళో రేపో పట్నం చేరి ఉంటుంది. వాడు అందులో లేడు. నేను రావద్దన్నాను కదా. వచ్చి ఉంటే బండిలో రెండు గంటల దారి.

అక్క మళ్ళీ అడిగింది. "జవాబొచ్చిందా?" ఇంకా లేదన్నాను.

ఏప్రిల్ 3

ఇవాళ చెబుదామని ఉత్తరం శాలువా కింద పెట్టుకుని వెళ్ళాను. బావ ఉన్నాడు. తిరిగొచ్చేశాను.

ఏప్రిల్ 8

మళ్ళీ పట్టుకెళ్ళాను. నిద్రపోతోంది. లేపలేదు.

ఏప్రిల్ 11, ఆదివారం

అక్క పోయింది. నేను బడిలో ఉన్నప్పుడు.

ఏప్రిల్ 14

పూడ్చారు. ఆడవాళ్ళం గుమ్మం దాకానే. మగవాళ్ళు మోసుకెళ్ళారు. బావ కంట తడి పెట్టలేదు. ఇరవయ్యేళ్ళుగా పొద్దున్నే అక్క ఆయన కాళ్ళు తడవకుండా వీపు మీద ఎక్కించుకుని, నడుం లోతు నీళ్ళలో నడిచి పడవలో దింపేది. రేపటినుంచి తడి బూట్లతో ఎక్కుతాడు.

ఉత్తరం ఇంకా పెట్టెలోనే ఉంది.

ఏప్రిల్ 22

దేవుడికి ఎంత వేళాకోళం! పట్నం పేపరులో వచ్చింది: "ఐదుగురు నావికులను కాపాడిన వీరవనిత ఎల్స్‌పెట్ ఫ్లెట్ మృతి." పెద్ద పెద్ద అక్షరాలు. ఎవరో చావుల చిట్టాలో పేరు చూసి నేనే పోయాననుకున్నారు. అక్క చావు మీద అక్క చేసిన పని వేశారు. మొట్టమొదటిసారి సరిగ్గా రాశారు.

మూడుసార్లు చదివాను. చదువుతుంటే ఒంటి మీదనుంచి తడిసిన కంబళి తీసేసినట్టయింది. ఇలాగే ఉండిపోతే బాగుండును అనుకున్నాను. నేను ఏమీ చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు. కూర్చోడం నాకు బాగా వచ్చుగా.

ఏప్రిల్ 23

పాదిరి గారి భార్య పరుగెత్తుకొచ్చింది. "ఎంత ఘోరం అమ్మాయ్! బతికున్న మనిషిని చంపేస్తారా? ఇప్పటికే నాకు ముగ్గురు ఉత్తరాలు రాశారు, ఏడుస్తూ! వెంటనే దిద్దమని రాయి."

"పోనిద్దురూ..." అన్నాను.

"పోనివ్వడమేమిటి? నీ పేరు నీది కాదూ? ఇదిగో కాగితం."

ఎదురుగా నిలబడి రాయించింది. ఆవిడ ఎదుట కాదని ఎలా అనను? చనిపోయినది అదే పేరు గల మా పెదనాన్న కూతురని, చేపలమ్ముకునే మనిషని, పతకం అందుకున్న ఎల్స్‌పెట్ ఫ్లెట్ క్షేమంగా ఉందని నా చేత్తో రాసి సంతకం చేశాను.

తప్పును దిద్దమని పేపరుకు ఉత్తరం రాద్దామని పదిహేడు నెలలుగా అనుకుంటున్నాను. ఈరోజు రాశాను.

మే 1

సవరణ అచ్చయింది. రేవులో ఎర గుచ్చే ఆడవాళ్ళు నేను వెళ్తుంటే మాటలాపారు, అంతే. బడీ అని పిలిచి వెక్కిరించినా బాగుండేది. "ఫ్లెట్ గారూ" అంది ఒకామె.

మే 19

నిద్ర లేదు. తిండి సయించదు.

జూన్ 8, మంగళవారం

వచ్చాడు.

పొడుగ్గా, బక్కగా, పసుప్పచ్చటి జుట్టుతో గుమ్మంలో టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. వచ్చీరాని ఇంగ్లీషు. "ఎల్స్‌పెట్ ఫ్లెట్ గారు?" అన్నాడు. అవునన్నాను. నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకున్నాడు. ఎర గుచ్చడం అలవాటు లేని చేతులు, మెత్తటి చేతులు. చూసుకున్నాడో లేదో.

వాళ్ళావిడ అల్లిన మేజోళ్ళు ఇచ్చాడు. పాప పుట్టిందట, ఎల్స్‌పెట్ అనే పెట్టారట. ఇక ఎల్స్‌పెట్‌లు చాలరూ ఈ లోకానికి!

అప్పుడు అడిగాడు. "ఆ ప్రార్థన ఒక్కసారి మీ నోట వినాలి."

"ఏ ప్రార్థన?"

"నీళ్ళలో మీరు చేసిన ప్రార్థన. మా ఇంట్లో రోజూ భోజనానికి ముందు అందరం కలిసి చెప్పుకుంటాం. మా అమ్మ, మా ఆవిడ కూడా నేర్చుకున్నారు. అర్థం తెలియదు. అయినా దేవుడికి తెలుసు కదా."

అని, లేచి నిలబడి, చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, మా రేవు భాషలో, అక్షరం పొల్లుపోకుండా అన్నాడు:

"కాళ్ళాడించరా ఎదవ దున్నపోతా! అక్కడ నా రొట్టెలు మాడిపోతున్నాయి!"

నాకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను. ఆ యాస, ఆ విరుపు, ఆఖర్న గొంతు పైకెగరడం, అన్నీ అక్కవే. అక్క నా గదిలో నిలబడి తిట్టినట్టే ఉంది. నవ్వుతూ నవ్వుతూ ఎప్పుడు ఏడుపులోకి దిగానో తెలియదు.

"ఇప్పుడు మీరనండి" అన్నాడు.

అన్నాను. దేవుడా, అన్నాను! ఆఖరిదాకా ఆ ఆశ చావలేదు నాలో. బడిపిల్లలకు పాఠం చెప్పే గొంతుతో, ఒక్కొక్క మాటా విడివిడిగా, శుభ్రంగా అన్నాను.

వాడు కళ్ళు తెరిచాడు. ముఖంలో కోపం లేదు. తలుపు తట్టి, వేరే ఇంటికి వచ్చానని తెలుసుకున్నవాడిలా చుట్టూ చూశాడు. "ఇంకో ఎల్స్‌పెట్ ఫ్లెట్ గారు ఉన్నారా?" అని మెల్లగా అడిగాడు.

"ఉండేది" అన్నాను. ఆ తర్వాత అంతా చెప్పాను. తాడు, పేపరాయన, పతకం, జూన్‌లో రమ్మని నేను రాసిన జవాబు, ఏప్రిల్. మార్చిలో వచ్చి ఉంటే వినేవాడివని చెప్పాను. ప్రార్థన కాదు, తిట్టు అని కూడా చెప్పాను, అర్థంతో సహా. రొట్టెల దగ్గర వాడి పెదవులు కదిలాయి.

"ఆమెకు భర్త ఉన్నాడా?" అని మాత్రం అడిగాడు.

విల్లీ బావ ఇంటికి తీసుకెళ్ళాను. బావ గుమ్మంలోనే ఉన్నాడు. "బావా, వీడే ఆ ఆఖరివాడు. బతికాడు" అన్నాను.

బావ వాణ్ణి కిందనుంచి పైదాకా చూశాడు. "ఇది ఎప్పుడు తెలిసింది నీకు?" అని నన్నడిగాడు.

"ఫిబ్రవరిలో. ఉత్తరం వచ్చింది."

"అది నిన్ను అడిగింది కదే. మంచంలోంచి రోజూ నన్నడిగేది, బడికి జవాబొచ్చిందేమో కనుక్కోవయ్యా అని. నువ్వేం చెప్పావు దానికి?"

"తెలియదని చెప్పాను."

ఆ కుర్రాడికి మా మాటలు అర్థం కాలేదు. బావ ముఖం చూసి ఏమనుకున్నాడో, చేతులు జోడించకుండా, గాలిలో ఎవరినో లాగుతున్నట్టు భుజం వంచి, గొంతు చించుకుని అరిచాడు. కాళ్ళాడించరా ఎదవ దున్నపోతా. అక్కడ నా రొట్టెలు మాడిపోతున్నాయి.

బావ గుమ్మం పట్టుకున్నాడు. పూడ్చిన రోజున కూడా ఏడవని మనిషి.

"మళ్ళీ అనరా" అన్నాడు.

వాడు అన్నాడు.

"రా, లోపలికి రా. కూచుని అను" అని వాడి భుజం మీద చెయ్యి వేసి తీసుకెళ్ళి తలుపు వేసుకున్నాడు. నన్ను రమ్మనలేదు. నేను అక్కడే గోడ పక్కన నిలబడి విన్నాను. వాడు ఏడుసార్లు అన్నాడు. ఎనిమిదోసారి బావ కూడా కలిసి అన్నాడు.